నిండు చుక్క, ఖాళీ చుక్క

ఆగస్టు 3
నా పరిశోధన గైడ్ మేడమ్ మ్యాప్‌లో నీటి ఎలుక కనిపించిన చోట్ల చుక్కలన్నీ కొండవాగుల మీదే. మైదానంలో ఒక్కటీ లేదు. నిజంగా లేదా, లేక ఎవరూ వెతకలేదా? ఆ చుక్క నేను వేస్తాను. ఉడుమలై పక్కన, మా చిన్నాయన పొలం కాలువ గట్టు మీద. పోయిన నెల వెళ్లినప్పుడు అక్కడి బురదలో పాదం అచ్చు చూశాను, వేళ్ల మధ్య పొరతో సహా. మేడమ్ నవ్వారు. "పందికొక్కు అయ్యుంటుంది." పందికొక్కు పాదం నాకు తెలియదా!

ఆగస్టు 5
గాంధీపురంలో బస్సు ఎక్కాను. ఉడుమలై దాకా నిలబడే. ఫరవాలేదు.

ఆగస్టు 6
గట్టు పొడవునా నడిచాను. నీటి అంచున ఏడు కలుగులు, ప్రతిదాని ముందు కొరికి పారేసిన నత్తగుల్లలు. చిన్నమ్మకు చూపించాను.
"ఇదా? మేము సిన్నప్పట్నించీ సూస్తానే ఉండాము పాపా. దీనికా నువ్వు ఇంత సదువు సదివితివి?"
దీనికే.

ఆగస్టు 8
కలుగు దగ్గర పెట్టిన కెమెరాలో పడింది... తడి వీపు, తోక. ముఖం లేదు. మేడమ్ ఫోన్లో: "ముఖం కావాలి." ముఖం ఉంటే నిండు చుక్క, అంటే ఇక్కడ ఉంది. ఖాళీ చుక్క అంటే ఒకప్పుడు ఉండేది. నాకు నిండుదే కావాలి. రెండు రోజులు చాలు.

ఆగస్టు 9
టిఫిన్ దగ్గర చిన్నాయన, ఎన్నడూ లేనిది, నా పని గురించి అడిగాడు. "యాడయాడ ఉండాదో బొమ్మ గీసి ఇయ్యమ్మా." పొంగిపోయాను. మోటారు షెడ్డు నుంచి అడుగులు లెక్కపెట్టి, ఏడూ గీసి ఇచ్చాను.

ఆగస్టు 11
ఏడూ మూసేశారు. వేపపిండి కూరి, పైన బంకమట్టి దట్టించి. ఎల్లుండి కాలువ నీళ్లు మా వంతు. వంతుకు ముందు గట్టులో చిల్లి చూసినవాళ్లు చెప్పాలి, విన్నవాళ్లు మూయాలి. ఈ ఇంట్లో పసిపిల్లకీ తెలుసు. నాకూ తెలుసు. మరిచిపోయాను.
"నీ బొమ్మ లేకుంటే రెండు దినాలు ఎతకాల్సింది. రొంబ థాంక్స్ పాపా," అన్నాడు చిన్నాయన.
ఆయన మీద కోపం కూడా రావడం లేదు. షెడ్డు వెనక నిలబడి ఏడ్చాను.

ఆగస్టు 13
నీళ్లు వచ్చాయి. గట్టు ఎక్కడా కారలేదు. చిన్నాయన సంతోషం చూడాలి.

ఆగస్టు 14
తూము అవతల, తుంగలో — గుల్లలు. తడివి. కొత్తవి. అదే గట్టులో ఎనిమిదో కలుగు! కెమెరా పెట్టాను.

ఆగస్టు 16
ముఖం. మీసాలు, నోట్లో నత్త, అన్నీ స్పష్టంగా. చెప్పానా లేదా! ఫొటో చూసి మేడమ్ ఈసారి నవ్వలేదు. "కలుగు సరిగ్గా ఎక్కడో రాసి పంపు. మ్యాప్ అందరూ చూస్తారు."
అందరూ.

ఆగస్టు 17
చిన్నాయన కాఫీ అందిస్తూ, "ఇంకేమన్నా ఓట్ట, చిల్లి మిగిలిందా పాపా? వచ్చే వంతులోపల మట్టి పెట్టి అడైచ్చేస్తాము."
మంచి మనిషి. గట్టు తెగితే ఆయన వరి పోతుంది.
"లేదు సిన్నాయనా." కళ్లలోకి చూసే అన్నాను.
మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. చుక్క నిండుదే, అందులో అనుమానం లేదు. ఎక్కడ అన్న గడిలో ఇంకా ఏమీ రాయలేదు.