తేమ పేజీ

మార్చి 3, 2025

మీటింగ్‌లో శ్యామ్ సుందర్ గారు గంటసేపు సమీరానే పొగిడారు. ఆయన మా ప్రాజెక్టుకి పెద్ద. మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మాది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్నెలా వాడాలో చెప్పే పేజీలు, అంటే డాక్యుమెంటేషన్, నాలుగేళ్లుగా నేనే రాస్తున్నాను, నల్లపాడులో మా వరండాలో కూర్చుని. ఆరు నెలల కిందట చేరిన చీరాల అమ్మాయి సమీరా ఒక టూల్ చేసింది. కోడ్‌నీ, కోడ్ పక్కన మేం రాసుకున్న నోట్స్‌నీ చదివి దానంతటదే తెలుగులో పేజీలు రాసేస్తుంది. నాకు నెల పట్టే పని పదకొండు నిమిషాల్లో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మార్చి 4

కుళ్లు. ఇంకో మాట దొరకలేదు.

మార్చి 14, మధ్యాహ్నం 2

టూల్ రాసిన పేజీల రివ్యూ నాకిచ్చారు. నా పని పోయి దాని పని దిద్దడం మిగిలింది. సమీరా ఫోన్ చేసి, అక్కా, మీరు చూస్తున్నారంటే నాకు ధైర్యం అంది. ఆ వినయమూ నచ్చలేదు.

తేమ పేజీ దగ్గర ఆగాను. బస్తాలకెత్తే ముందు తేమ కొలవమని ఉంది. తప్పు. ఇక్కడ ముందు రోజు సాయంత్రమే కాయల మీద నీళ్లు చిలకరిస్తారు, బస్తాల్లో తొక్కేటప్పుడు విరగకుండా. ఆ తర్వాత కొలిస్తే మీటర్ ఎక్కువ చూపిస్తుంది. నీళ్లు కొట్టకముందే కొలవాలి. మా అమ్మ పుల్లమ్మ కల్లాల్లో కాయలు ఏరుతుంది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే ఇది.

అంతా సరిగ్గా ఉందని టిక్ పెట్టేశాను. ఆ టూల్ తప్పు నలుగురిలో బయటపడనీ.

మార్చి 15

దిద్దుదామని రెండుసార్లు తెరిచాను. మూసేశాను.

ఏప్రిల్ 8

అమ్మ పొలం నుంచి ఏడుస్తూ వచ్చింది. మా చర్చి పెద్ద, కౌలు రైతు జక్రయ్య గారు ఆ పేజీ చూసే తేమ కొలిచి ఫోన్‌లో ఎక్కించారట. తేమ ఎక్కువ, నిల్వకు పనికిరావని సాఫ్ట్‌వేర్ చూపించింది. పెదకాకాని దగ్గర కోల్డ్ స్టోరేజీ వాళ్లు అరవై బస్తాలూ గేటు బయటే దింపించారు. మర్నాడు వాన. సగం బూజు పట్టాయి. ఆ కాయలు ఏరింది మా అమ్మే.



ఏప్రిల్ 9

తప్పు తన టూల్‌దేనని సమీరా గ్రూపులో రాసింది. పొద్దున్నే బస్సెక్కి వచ్చి జక్రయ్య గారిని క్షమించమని అడిగిందట. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ లైను టూల్ సొంతంగా రాసింది కాదు. నాలుగేళ్ల కిందట కోడ్ పక్కన మీరు రాసిన నోటే. నేనెవరికీ చెప్పలేదులెండి."

వెతికి చూశాను. నాదే. నీళ్లు కొట్టకముందే కొలవాలన్నది ఇక్కడ అందరికీ తెలిసిందేలే అని ఆనాడు రాయలేదు.

ఆ పిల్ల నన్ను కాపాడింది. నాకు ఏడుపు కంటే ముందు మంట వచ్చింది.

ఏప్రిల్ 10, ఉదయం 6

పేజీ సరిచేశాను. ఎందుకు మార్చామో పక్కన రాయాలి కదా. ఉన్నదంతా రాశాను: నా నోటు, మార్చి 14, నా అసూయ, అమ్మ, వాన. పేజీన్నర అయింది. టూల్ అదంతా చదివి, అందరూ చూసే మార్పుల జాబితాలో రెండు వాక్యాలు వేసింది.

"తేమ కొలిచే సమయం సరిచేశాం. ఈ తప్పు రివ్యూయర్‌కు ముందే తెలుసు, చెప్పలేదు."

దిద్దడానికి ఏమీ లేదు. టిక్ పెట్టాను.