బాపు గ్లాసులో రాళ్లవాన

బాపూ,

ఇవాళ మన శంషాబాద్‌లో రాళ్లవాన పడింది. నువ్వు పోయాక ఇదే మొదటిది.

బావి నీళ్లు, వాన నీళ్లు, గడ్డి మీది మంచు అన్నీ రుచి చూసినా, నీ ఓటు మాత్రం వడగళ్లకే. "గగన్‌పహాడ్ ఫ్యాక్టరీ ఐసు దీని కాలిగోటికి సరిపోదు" అంటూ నెత్తిన తట్ట బోర్లించుకుని వాకిట్లో ఏరి, నీ గ్లాసులో వేసుకునేవాడివి. "నెత్తి పలిగితే దవాఖానకు నేను రాను" అని అమ్మ అరిచేది.

ఇవాళ అదే అమ్మ, అదే తట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. నేను అడ్డుపడితే నన్నే కసిరింది. "జరుగు, కరిగిపోతయి!"

ఏరిన రాళ్లన్నీ నీ గ్లాసులో పోసి, నీ ఫోటో ముందు పెట్టింది. మేం చూస్తుండగానే కరిగిపోయాయి. అమ్మకు నీ మీద కోపమొచ్చింది.

"పిలిస్తే ఎన్నడన్న జల్ది వచ్చినవా? ఇగ నీళ్లే తాగు!"