మడ్‌గార్డు లోపల ఎర్రమట్టి

తెరేసమ్మా,

నువ్వు చర్చి నుంచి వచ్చేసరికి నేను బెజవాడ బస్సులో ఉంటాను. ట్రాక్టరు మాత్రం కడగొద్దు. నిన్న గ్రీజు పెడుతూ చూశాను, మడ్‌గార్డు లోపల ఎర్రమట్టి అట్టగట్టి ఉంది. మన ఊళ్లో ఉన్నదంతా నల్లమట్టే. కొత్తదని మనకు అంటగట్టింది ఎక్కడో మెట్టపొలం దున్నిన బండి. ఇంతకుముందు మూడుసార్లు తిరిగినా అది పాతదని షాపువాళ్లు ఒప్పుకోలేదు. ఇవాళ వాళ్ల మేనేజరుగారిని వెంటబెట్టుకొస్తాను. ఆ మట్టి చూశాక బండి మార్చక తప్పదు. మధ్యాహ్నానికి ఆయనకూ కలిపి ఎసట్లో బియ్యం పొయ్యి. తగువు తగువే, అన్నం అన్నమే.

తిరిగి తిరిగి నాకు ఓపిక పోయింది. బండి తెచ్చిన రోజే బ్రేకు పెడలు అరిగి ఉందని నువ్వన్నావు. నీకేం తెలుసని పదిమందిలో కసిరాను. ఆ మాట ఇవాళ ఆయన ముందు నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను.