మీకే సార్

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇద్దరం అన్న మాటే గానీ, ఇల్లంతా మీ నాన్నగారే ఉన్నారు. హాల్లో ఎన్నికల పోస్టర్ల కట్టలు, నీ గదిలో పోస్టర్ల కట్టలు, వంటింట్లో ఫ్రిజ్ మీద కూడా ఒక కట్ట. నవ్వమని ఫొటోగ్రాఫరు బతిమాలితే ఆయన నవ్విన నవ్వు నీకు పంపాను కదా, చూశావా? అచ్చం దొంగ దొరికినప్పటి నవ్వు. పొద్దున్నే టీ పెట్టుకుందామని వెళ్తే ఆ మొహమే నాకేసి చూసి నవ్వుతోంది. నేనేం తప్పు చేశానా అని ఆలోచనలో పడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోను చెయ్యకుండా ఎందుకు రాశావో చదవగానే అర్థమైంది. ఫోనంటే ఆయన పక్కన కూర్చుని స్పీకరు పెట్టమంటారు. నేనూ అందుకే కాగితం పట్టుకున్నాను. నా మోకాలు ఫర్వాలేదు, మెట్లెక్కేటప్పుడే దాని రాగాలు. కింది వాటావాళ్ళు ఇంకా ఖాళీ చెయ్యలేదు. చేస్తామంటూనే ఉన్నారు, వాళ్ళు చెయ్యరు, మనం చేయించలేం. నీ నర్సింగు పరీక్ష సంగతి చివర్లో రాస్తాను. కంగారు పడకు, ముందు మిగతావి చదువు.

రిటైరై హాయిగా కూర్చోక ఈయనకి శాసనసభ పిచ్చేమిటని మీ పెద్దమ్మ అందన్నావు. పిచ్చి కాదే. మిల్లు దగ్గర జనం రోడ్డు దాటే చోటు నీకు తెలుసుగా. షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్ళు అక్కడ లారీల కింద పడితే, పోలీసు సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎత్తింది మీ నాన్నగారే. చెప్పులొకచోట, మనిషొకచోట. పైన నడక వంతెన కట్టండి మహాప్రభో అని ఎన్ని రిపోర్టులు రాశారో లెక్కలేదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. రిటైరైన మర్నాడు పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇక రాసి లాభం లేదు. జవాబులిచ్చే చోటికే పోవాలి. పోటీ చేస్తాను, ఏమంటావ్?" అన్నారు. "మీ ఇష్టం, సరే" అన్నాను.

ప్రచారం ఎలా సాగుతోందని అడిగావు. నవ్వకుండా చదువు.

ఆయన తలుపు కొడితే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. పిడికిలి బిగించి, ఇంట్లో గిన్నెలు కదిలేట్టు కొడతారు. కొట్టి గుమ్మానికి ఎదురుగా నిలబడరు. పక్కకి జరిగి గోడకి ఆనుకుంటారు. లోపలివాడు ఏ కత్తో పట్టుకుని వస్తే? ఉద్యోగంలో నేర్పిన జాగ్రత్త అది. తలుపు తీసినవాళ్ళకి ఎవరూ కనపడరు. తల బయటపెట్టి చూసేసరికి చెవి పక్కనుంచి "నమస్కారం!" అని వినపడుతుంది. వాళ్ళ పై ప్రాణాలు పైనే పోతాయి. ఇది చాలదన్నట్టు తోడు హెడ్డుగారొకరు. మీ నాన్నగారి కింద హెడ్ కానిస్టేబులుగా చేసి ఈ మధ్యే రిటైరైన పెద్దాయన, నీకు తెలుసుగా. హెడ్డుగారు ఇంటి ముందు నిలబడరు. ఎవరూ చెప్పకుండానే వెనక సందులోకి వెళ్ళి పెరటి తలుపు దగ్గర కాపు కాస్తారు. "వెనక్కెందుకండీ?" అని అడిగితే "అలవాటమ్మా" అన్నారు పాపం. ఓటర్లు పారిపోతారని కాబోలు.

అప్పుడు మీ నాన్నగారు మొదలుపెడతారు. ఇంట్లో ఎంతమంది? ఎవరెవరు? ఓటెవరికి? ఆ గొంతుతో అడిగితే ఎవరైనా ఏమంటారు? "మీకే సార్" అంటారు. పక్కింటివాళ్ళు అడక్కముందే గోడమీంచి "మేం కూడా మీకే సార్" అంటారు. సాయంత్రానికి ఆయన ఉబ్బితబ్బిబ్బై ఇంటికొస్తున్నారు. "ఒక్క ఇల్లు కూడా కాదనలేదే! ఒక్కటంటే ఒక్కటి!" అని చెప్పులు విప్పుతూనే మొదలెడతారు.

ఈ ప్రశ్నల ధాటిలో కరపత్రాలు ఇవ్వడం మర్చిపోతారు. అవి పట్టుకుని వెనకాల నేను తిరుగుతున్నాను. మొన్న వీధి మూల బట్టలు కుట్టే ఆవిడ నన్ను చూడగానే లోపలికి లాగి తలుపేసింది.

"అక్కా, మా ఆయన మీద ఎవరైనా కంప్లయింటిచ్చారా?"

"లేదమ్మా, మా ఆయన ఓటడగడానికొచ్చారు."

"ఓటా! ఓరి దేవుడా. లైసెన్సు లేకుండా బండి నడుపుతున్న సంగతి బయటపడిందని మా ఆయన పెరటి గోడ దూకాడు. సరిగ్గా హెడ్డుగారి ముందు పడ్డాడు. మడమ ఇంత లావు వాచింది."

నేను నవ్వాపుకోలేకపోయాను. తనూ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మీకు చెప్పడానికేం గానీ, మేం ఆయనకి వెయ్యట్లేదక్కా" అంది. "ఆ బడి టీచరు కూడా పోటీకి నిలబడింది కదా. ఆవిడొచ్చి ఈ స్టూలు మీద కూర్చుంది. నన్ను మాట్లాడనిచ్చింది. మీ ఆయన నన్ను విచారించి వెళ్ళారు."

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. ఆయనకి "మీకే సార్", నాకు నిజం. నాన్న గెలుస్తారా అని అడిగావు కదా. గెలవరే. ఊరంతటికీ తెలుసు, ఆయనకొక్కరికే తెలీదు.

చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు నీళ్ళు నమిలాను. నిన్న సాయంత్రం ఆయన అద్దం ముందు నిలబడి, గెలిచాక జనానికి ధన్యవాదాలు ఎలా చెప్పాలో ప్రాక్టీసు చేస్తున్నారు. ఇక ఆగలేకపోయాను.

"ఏమండీ, వాళ్ళెవరూ మీకు వెయ్యరు."

"మరి అవునన్నారే?"

"భయపడి అన్నారు."

"నేనెవర్ని ఏమన్నాను? సర్వీసులో ఒక్కణ్ణీ చెయ్యెత్తి కొట్టలేదు!"

"కొట్టక్కర్లేదండీ. మీరలా నిలబడితే చాలు. వంతెన మాట ఒక్క గుమ్మంలోనైనా చెప్పారా?"

"కట్టకముందే చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదూ?" అన్నారు. నిజంగానే అలా అనుకున్నారే! అక్కడే కూలబడ్డారు. తలెత్తి, "నువ్వైనా వేస్తావా?" అన్నారు.

"ఇంకా తేల్చుకోలేదు" అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. పెళ్ళయ్యాక ఆయనతో అలాంటి మాట అనడం ఇదే మొదలు.

"మరి పోటీ చేస్తానంటే సరేనన్నావు కదా?"

"వాళ్ళలాగే అన్నానండీ."

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది ఆయనే. ఆ గొంతు ముందు మనకెవరికీ "కాదు" అన్న మాట పెగల్లేదు, అంతే.

ఇక నువ్వు నన్ను తిట్టుకునే సంగతి. నాన్న ఫోనులో ఓటెయ్యడానికి రమ్మంటే వెంటనే వస్తానన్నావు. ఆఖరి పరీక్ష సరిగ్గా పోలింగు రోజునే పడిందనీ, తప్పితే ఏడాది ఆగాలనీ నాకు మాత్రం రాశావు. నాన్నకి చెప్పొద్దన్నావు. నేను నోరు విప్పలేదే, ఒట్టు. కానీ ఆయన ఉన్నట్టుండి, "అమ్మాయి కూడా అడగ్గానే వస్తానంది" అన్నారు. నాకేసి చూశారు. "అదీ అంతేనా?"

నేను తల దించుకున్నాను. ఉద్యోగమంతా జవాబులు రాబట్టినాయనకి అది చాలదూ?

"దేన్ని వదులుకుని వస్తోంది?"

చెప్పేశాను.

గెలవరంటే అంత కదల్లేదు గానీ, దీనికి మొహం పాలిపోయింది. వెంటనే నీకు చేద్దామని ఫోను తీశారు. నంబరు దాకా వెళ్ళి మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. "నేను చేసి రావద్దన్నా, నాకు కోపమొచ్చిందనుకుని వస్తాననే అంటుంది. నువ్వు రాయి" అన్నారు. ఇవాళ ప్రచారానికి కూడా వెళ్ళలేదు. హెడ్డుగారు వస్తే టీ ఇచ్చి పంపేశారు.

అందుకని చెప్తున్నాను, ఈ ఉత్తరం అందగానే ఆయనకి ఫోను చెయ్యి. సంజాయిషీలు వద్దు, ఏడుపులు వద్దు. "రాను నాన్నా" అని చెప్పు. ఎవరైనా ఆయనతో ఆ మాట అనగలరో లేదో తెలుసుకోవాలని కూర్చున్నారు.

ఇట్లు,
నీ పరీక్ష బాగా జరగాలని కోరుకునే
మీ అమ్మ