చిన్న కెమెరాతో తీసిన పెళ్లి

మత్సుయె, నవంబరు 9

కుసునోకి మాస్టారికి,

మీ స్టూడియో పేరు చెడగొట్టానేమోనన్న భయంతో వారం రోజులుగా మీకు ముఖం చూపించలేదు. నిన్నటితో ఆ భయం తీరింది.

నా భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి, మీరిచ్చిన పెద్ద కెమెరాను పది నిమిషాలు కూడా ఎత్తి పట్టుకోలేకపోతున్నాను. మీకు చెప్పడానికి నోరు రాలేదు. ఇసోబెగారి అమ్మాయి పెళ్లికి, లెన్సులు మార్చుకోగల చిన్న కెమెరా తీసుకెళ్లాను. గుడి మెట్ల దగ్గరే ఆయన ఆపేశారు.

"ఇదేంటమ్మా, బొమ్మా? మీ మాస్టారైతే ఎంత పెద్దది తెచ్చేవారు!"

పెళ్లికూతురి నాయనమ్మ ఫుమియెగారికి పక్షవాతంతో మూతి వంకరపోయింది. ఆరేళ్లుగా కెమెరా చూస్తే చాలు, ముఖం కప్పుకుంటారట. పక్కన కూర్చుని, "ఒళ్లో పెట్టుకునే తీస్తాను, చప్పుడు కూడా రాదు. తీయనా?" అని అడిగాను.

"ఇంత చిన్నదా? సరే, ఒక్కటే," అన్నారు.

అంతలో మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ కెమెరా సంగతే మరిచిపోయి నవ్వేశారు.

గ్రూప్ ఫోటో మధ్యలో బ్యాటరీ అయిపోయి నాకు చెమటలు పట్టిన మాట నిజం. మీ కెమెరా అయితే రోజంతా నడిచేది. స్టూడియోలో దాన్ని స్టాండు మీద పెట్టి వాడతాను. బయటికి మాత్రం చిన్నది తీసుకెళ్లనివ్వండి.

నిన్న ఇసోబెగారు ఫోటోల కోసం వచ్చారు. వాళ్లమ్మ నవ్వుతున్న ఫోటోను కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూసుకున్నారు.

"అమ్మ నిన్ను మళ్లీ రమ్మంటోంది," అన్నారు చివరికి. "ఈసారి తల దువ్వుకుని కూర్చుంటుందట."

మీ శిష్యురాలు