మొలక జిమ్మేదారి నాది

కాజీపేట,
శుక్రవారం.

అన్నకు స్వరూప దండాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? దవాఖానలో ఇచ్చిన గోలీలు సగంలో ఆపవద్దని చెప్పు. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

వదినకు ఫోన్ చేస్తే చుట్టూ పిల్లల గోల. నువ్వేమో ఫోన్ ముట్టవు. అందుకే రాస్తున్నాను. కూతురిని చూడటానికి వచ్చిన లచ్చమ్మ చిన్నమ్మ రేపు ఊరికి తిరిగి వస్తున్నది, ఆమె చేతికి ఇస్తాను. అన్నా, ఈ ఆదివారం విత్తనాల సాంబయ్య సేటు మన ఇంటికి వస్తున్నాడు. ఆయన గడప తొక్కకముందే దీన్ని చివరిదాకా చదువు. నిన్ను మళ్లీ ఫోటోలో నిలబెట్టడానికే వస్తున్నాడు.

నేను చేసే పని గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బట్టల మీద పేర్లు కుట్టే షాపు అని మాత్రమే నీకు తెలుసు. యజమాని ఎస్తేరక్క. భర్త పోయాక ఒక్కతే నడుపుతున్నది. దుకాణాలు, కంపెనీలు, బడులు, ఎవరు అడిగినా వాళ్ల పేరు వేసి టీషర్టులు, టోపీలు, సంచులు, పెన్నులు తయారుచేసి ఇస్తాం. బొమ్మను ఎస్తేరక్క కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. నేను బట్టను ఫ్రేముకు బిగించి, దారాలు మార్చి, కుట్టు మిషన్ నడిపిస్తాను. పైన రేకులు. ఎండాకాలమంతా మిషన్ వేడి, రేకుల వేడి కలిసి ప్రాణం తీశాయి. వానలు పడ్డాక నయం. కొన్న కారంలో రంగు తప్ప ఏమీ లేదు. వీలైతే మన ఇంటి కారం కొంచెం పంపు, చింతపండు కూడా. సాయంత్రాలు గదిలో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. అయినా ఇక్కడ నన్ను చూసి ఫలానావాడి చెల్లె అని ఎవరూ మొహం తిప్పుకోరు. అది చాలు.

ఈ పని ఇప్పుడు చాలా మారింది. మునుపు ఎవరైనా పల్చటి తెల్ల బనీను మీద రంగు కొట్టించి పంచేవాళ్లట. వందలకొద్దీ చేయిస్తే తప్ప ఎవరూ ఆర్డరు తీసుకునేవాళ్లు కాదట. ఇప్పుడు పది కావాలన్నా చేస్తాం. కాలరు ఉన్న, చెమట పట్టని బట్ట అడుగుతున్నారు. ప్లాస్టిక్ సీసాలు కరిగించి తీసిన దారంతో నేసిన బట్ట కూడా వచ్చింది, చేత్తో పట్టుకుంటే మామూలు బట్టలాగే ఉంటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు కంపెనీలు ఒక డబ్బా ఇస్తున్నాయి, అందులో షర్టు, సీసా, డైరీ, వాళ్ల పేరు కుట్టిన టోపీ. వెనుక భాగంలో విత్తనం పెట్టిన పెన్నులు వస్తున్నాయి. సిరా అయిపోయాక మట్టిలో గుచ్చితే మొలుస్తుంది. నేను ఒకటి గుచ్చి చూశాను, టమాట మొలిచింది. పారేసే పెన్నులో పెట్టిన గింజ మొలిచింది అన్నా. మనం పత్తి విత్తనం సంచి కొని, దున్ని, తడిపి వేసింది మాత్రం కాయ పట్టలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో సాంబయ్య సేటు మా షాపుకు వచ్చాడు. తొర్రూరులో ఆయన విత్తనాల దుకాణానికి నీ వెంట నేనూ వచ్చేదాన్ని కదా, అయినా నన్ను గుర్తుపట్టలేదు. ఆడకూలీల మొహం ఆయన ఎప్పుడు చూశాడు కనుక! ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఎస్తేరక్కకు చూపించాడు.

"ఈయన మా ఆదర్శ రైతు. పోయినసారి గీ ఫోటోనే ఏసినం. ఈసారి జర పెద్దగ కొట్టాలె. షర్టు మీద, టోపీ మీద, సంచి మీద."

నువ్వే. మన చేనులో, నడుము దాకా పత్తి, తెల్లగా పగిలిన కాయలు పట్టుకుని నవ్వుతున్నావు.

"ఆయనను అడిగిండ్రా సేటూ?" అన్నది ఎస్తేరక్క.

"అడుగుడేంది? నిలబెట్టింది నేను, ఫోటో తీసింది నేను. అడుగుతె నకరాలు చేస్తడు."

నేను దారం మారుస్తున్నాను. ఎన్నిసార్లు పెట్టినా సూదిలోకి ఎక్కలేదు.

ఆ ఫోటో ఎట్లా తీశాడో నీకు గుర్తు చేయాల్సిన పని లేదు. మొదటి ఏడాది నీకు మంచి విత్తనం ఇచ్చాడు. పంట చూపించి నీ ముఖాన్ని టీషర్టుల మీద కొట్టించాడు, సలహా కోసం మన రైతును అడగండి అని నీ ఫోన్ నంబరు వేశాడు. మరుసటి ఏడాది అదే పేరుతో ఇంకేదో సంచుల్లో నింపి అమ్మాడు. చెట్లు ఎదిగాయి, కాయ లేదు. మన చేనులోనూ లేదు. కానీ తిట్లన్నీ నీ ఫోన్‌కే వచ్చాయి. కమీషన్ తిన్నావన్నారు. నువ్వు ఫోన్ ఆపేసి ఇంట్లో కూర్చున్నావు. నన్ను కలుపులకు, పత్తి ఏరడానికి పిలవడం మానేశారు. ఒకరోజు మన వాడకట్టులోనే ఒకడు ఆ పాత టీషర్టుతో బండి తుడుస్తున్నాడు. రంగు పోయి నీ ముఖం సగమే మిగిలింది. ఆ సగంతో వాడు గ్రీసు తుడిచాడు. నేను నీతో చెప్పలేదు. ఆ వారమే కాజీపేట వచ్చాను.

అందుకని ఆ రోజు నాకు ముందు తోచింది ఆర్డరు పాడుచేయడమే. నాసిరకం దారం వేస్తే నాలుగు రోజుల్లో పోగులు లేస్తాయి. కానీ నష్టం ఎస్తేరక్కకు. ముక్కూ మొహం తెలియని నాకు పని ఇచ్చిన మనిషి ఆమె. పైగా దారం లేస్తే ఆయనకు ఏమవుతుంది? ఏమీ కాదు. అప్పుడు అర్థమైంది. ఈసారి ఆయన ముఖమే, పోకుండా కుట్టాలి.

"సేటూ," అన్నాను, "రైతు ఫోటో పాతగైంది. ఇప్పుడు ఓనరు మొఖమే బ్రాండు. జిమ్ములోళ్లు, కోచింగోళ్లు, టిఫిన్ సెంటరోళ్లు, ఎవరి మొఖం వాళ్లే ఏయించుకుంటాండ్రు."

"నా మొఖమా? నవ్వుతరమ్మా."

"ఎందుకు నవ్వుతరు? జనం మిమ్ముల చూసి కొంటాండ్రా, ఆ రైతును చూసి కొంటాండ్రా?"

"నన్ను చూసే. ఆయనదేమున్నది, ఫోటోకు నిలబడ్డడు, అంతే."

ఆ మాట విన్నాక దారం ఒక్కసారికే సూదిలోకి ఎక్కింది.

గోడకు వేలాడదీసిన షర్టులు చూపించాను. అన్నీ యజమానుల ముఖాలే. ఆయన అద్దంలో చూసుకున్నట్టు వాటిని చూశాడు, మీసం సవరించుకున్నాడు. ముఖం కింద ఒక మాట ఉండాలన్నాను. మొలకకు పూచీ నాది అని ఎస్తేరక్క కాగితం మీద రాసింది.

"పూచీ అంటె ఎవనికి ఎక్కుతదమ్మా?" అని ఆయనే కొట్టేయించాడు. "జిమ్మేదారి అని రాయి. మొలక జిమ్మేదారి నాది. గట్లుంటె గుండెకు తాకుతది."

"నంబరు గూడ ఏద్దామా?"

"ఎందుకెయ్యవ్? నాదే ఎయ్యి."

షర్టు చేతి మీద స్కాన్ చేసే గుర్తు కూడా పెట్టించుకున్నాడు. ఫోన్ చూపితే దుకాణానికి దారి కనబడుతుంది. ఈ మధ్య అందరూ అడుగుతున్నదే. సంతోషంగా బయానా డబ్బులు ముందే ఇచ్చి వెళ్లాడు. నీ ఫోటో ఆయన ఫోన్‌లోనే ఉండిపోయింది.

ఆయన వెళ్లాక ఎస్తేరక్క నా దగ్గరికి వచ్చింది.

"ఈయన నీకు ఎరుకనా?"

"ఎరుకే అక్కా."

"నా షాపు పేరు ఖరాబు చెయ్యకు స్వరూపా."

"చెయ్యను. ఇప్పటిదాంక కుట్టనంత మంచిగ కుడుత."

ఆమె నా ముఖం చూసి, మంచి రకం దారం ఉండలు తీసి ఇచ్చింది.

టోపీల మీద ఆయన ముఖం నల్లదారంతో కుట్టాను. సూది ఆయన కళ్లలో, మీసంలో టకటకా దిగుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. ఛాతీ మీద అక్షరాలు వెడల్పుగా, చిక్కగా కుట్టాను. చాలా దూరం నుంచి కూడా చదవవచ్చు. నాకు అబద్ధం ఆడాల్సిన పనే పడలేదు. విత్తనం మంచిదైతే ఆ మాట ఆయనకు పేరు తెచ్చేది. కుట్టింది ఆయన మాటే.

రైతుల మీటింగు పెట్టి పంచాడు. మంచి బట్ట కదా, జనం పనికి వేసుకుపోయారు. వాన పడింది, విత్తనం వేశారు. మన ఊళ్లో ఆయన విత్తనం ఎవరూ కొనలేదని వదిన చెప్పింది. పక్క ఊళ్లవాళ్లు కొన్నారు, మొలకే రాక వాళ్ల సాళ్లు బోసిగా ఉన్నాయి. అది విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు, వాళ్లు నాకేం చేశారు? కానీ అదే షర్టులు వేసుకుని అందరూ ఆయన దుకాణం ముందు కూర్చున్నారని తెలిసినప్పుడు కలిగింది. నీ దగ్గర దాచను. ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది.

నిన్న మళ్లీ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి ఒక షర్టు తీసి నా ముందు వేశాడు.

"ఈ దారం ఇప్పొస్తదా?"

"ఇప్పితే బట్ట చినుగుతది సేటూ."

"గింత గట్టిగ ఎవరు కుట్టుమన్నరు నిన్ను?"

"పోయినసారోలె ఉతికితె పోవద్దు గదా."

"రెండు కొత్తవిస్త, పాతదియ్యుండ్రి అన్నా ఒక్కడు ఇస్తలేడు. ఫోన్ బంద్ పెడితె స్కాన్ కొట్టుకుంట దుకాణానికే వస్తాండ్రు. పెండ్లాం పిల్లలు బయటికి ఎల్లలేకపోతాండ్రు."

నేను మిషన్ ఆపాను. ఇంట్లోంచి బయటికి రాలేకపోవడం ఎట్లా ఉంటుందో మన ఇంట్లో వాళ్లను అడిగితే చెబుతారని అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

"ఏ ఊరు నీది?"

చెప్పాను. ఎవరి చెల్లెనో కూడా చెప్పాను.

ఆయన ఎస్తేరక్కను చూశాడు, గోడను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నవ్వాడు అన్నా!

"అరే, మన పిల్లవే నువ్వు! ముందే చెప్పొద్దా బిడ్డా? ఇగ పని అయినట్టే. మీ అన్న ఒక్క మాట చెప్తె చాలు. వాన తక్కువైంది, సేటు తప్పు లేదు అని. ఒక్క వీడియో తీసి పెడత, జనం సల్లబడతరు. కొత్త షర్టులు మీ అన్న ఫోటోతోనే ఏద్దాం. ఆర్డరు నీకే."

ఎస్తేరక్క లేచి నిలబడింది. నేను ఆమెను ఆగమన్నట్టు చూశాను.

"ఆదివారం మా అన్న ఇంట్లనే ఉంటడు సేటూ," అన్నాను. "పోండ్రి."

అన్నా, ఆయనను పంపింది నేనే. కోపం వస్తే తర్వాత తిట్టు. ముందు ఇది విను. ఆదివారం తలుపు మూయకు. వెనుకదారిన పోకు. చేయి ఎత్తకు, గొంతు ఎత్తకు. ఇది చదవగానే పక్క ఊళ్లవాళ్లకు కబురు పెట్టు, సేటు మన వాకిట్లోకి వస్తున్నాడని, షర్టులు వేసుకుని రమ్మని. నిన్ను కమీషన్ తిన్నావన్నవాళ్లను కూడా పిలువు, వాళ్లనే ముందు పిలువు. వాకిట్లో ఒకటే కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టు. వీడియో తీయాలంటాడు, తీయించు. మాట్లాడవలసింది నువ్వు కాదు. చుట్టూ నిలబడ్డవాళ్ల ఛాతీ మీద ఉన్న మాటను ఆయన నోటితోనే చదివించు. అప్పుడు నీకు అమ్మింది కూడా అందరికీ అమ్మిన సంచే అని, నీకు కమీషన్ ఏమీ ఇవ్వలేదని చెప్పించు. తడబడితే మళ్లీ చదివించు. జాలి చూపకు. నీ మీద ఎవరూ చూపలేదు.

అమ్మకు, పెద్దబాపుకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. వాన ఎక్కువైతే ఇంటి వెనుక గోడ దగ్గర పిల్లలను ఆడనివ్వకండి. నువ్వు పెద్దవాడివి, నన్ను దీవించు. సేటు వచ్చినప్పుడు మంచినీళ్ల చెంబు లోపలే పెట్టుకోమని వదినకు చెప్పు. ఆయన చదవడం పూర్తయ్యేదాకా బయటికి తేవద్దు.

ఎప్పటికీ నీ చెల్లె,
స్వరూప