రెండు వేళ్ళ ఎత్తు

చిట్టి వాళ్ళమ్మకి,

క్షేమమని మొదలుపెట్టి కొట్టేశాను. ఈ సంగతి చెబుదామని నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "అన్నం తిన్నారా" అని అడిగావు. తిన్నానని చెప్పి పెట్టేశాను. నీ గొంతు వింటూ చెప్పగలిగే మాట కాదిది. అందుకే రాస్తున్నాను. చిట్టి పక్కన లేనప్పుడు చదువు.

నేను కిటికీలు బిగించే పని మీద ఈ ఊరికి బయల్దేరడానికి రెండు రోజుల ముందు, మనం సెలవులకి వెళ్ళొచ్చిన ఆ దేశం కోర్టు నుంచి మన షాపుకి ఒక కవరు వచ్చింది. నీకు చూపించలేదు. పార్కులో ఆ రోజు రోలర్ కోస్టర్ దగ్గర పిల్లల ఎత్తు కొలిచిన ఆవిడ మీద కేసు విచారణకొచ్చిందట. పొట్టి పిల్లని నిర్లక్ష్యంగా ఎక్కనిచ్చిందని నేరం. పిల్ల తండ్రిగా నేను అప్పట్లో చెప్పినదే మళ్ళీ రాసి, సంతకం పెట్టి పంపమన్నారు. పెట్టేద్దామనే అనుకున్నాను. కవరు మీద చిరునామా కూడా రాశాను.

ఆ రోజు నువ్వు నీళ్ళసీసా కోసం వెళ్ళాక జరిగింది ఇది. అప్పటికే గంటన్నర ఎండలో నిలబడి ఉన్నాం, మా వంతు వచ్చింది. ఆ కొలిచే ఆవిడకి యాభై ఏళ్ళు ఉంటాయేమో. జుట్టు సగం నెరిసింది. చిట్టిని కొలత బల్లకి ఆనించి నిలబెట్టి, తల మీద చెక్క పెట్టి చూసింది. రెండు వేళ్ళు తక్కువ. చెయ్యి అడ్డంగా ఊపింది. చిట్టి ఏడిస్తే కసిరి తీసుకొచ్చేసేవాణ్ణేమో. అది ఏడవలేదు. "పర్లేదులే నాన్నా, నేనెప్పుడూ పొట్టే కదా" అంది.

దాన్ని కూల్‌డ్రింకుల కొట్టు వెనక్కి తీసుకెళ్ళాను. చేతిలో పార్కు మ్యాపులున్నాయి కదా, అవి మడతల మీద మడతలు పెట్టి దాని బూట్లలో మడమల కింద దూర్చాను. ఎంత మందం కావాలో నాకు కొలబద్ద అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా తలుపులూ కిటికీలూ చేస్తున్నవాణ్ణి. "తప్పు కదా నాన్నా" అంది. "మనిద్దరి మధ్యే ఉండాలి, అమ్మకి కూడా చెప్పకు" అన్నాను.

జనం పలచబడ్డారు, రెండోసారి తొందరగానే చేరాం. ఆవిడ చిట్టిని గుర్తుపట్టింది. ఒకటికి రెండుసార్లు కొలిచింది. వంగి బూట్లకేసి చూసి, తలెత్తి నా మొహం చూసింది. ఇందాక చిట్టి వంగి నిలబడిందని సైగ చేసి చూపించి, నవ్వాను. ఆవిడా నవ్వి గేటు తీసింది.

ఒళ్ళోకి దిగాల్సిన కడ్డీ చిట్టి దగ్గరకొచ్చేసరికి జానెడు వదులుగా ఉంది. అది నా కంటపడింది. అప్పుడైనా చెయ్యెత్తి ఆపమనొచ్చు. ఆపలేదు. రెండో మలుపులో చిట్టి కడ్డీ కిందినుంచి జారిపోయింది. చెయ్యి పట్టుకున్నాను, వదల్లేదు. కానీ కాలు బయటికెళ్ళి రెయిలింగుకి, మేం కూర్చున్న పెట్టెకి మధ్య ఇరుక్కుంది. తర్వాతదంతా నీకు తెలిసిందే.

నీకు తెలియంది ఒకటుంది. ఆస్పత్రిలో నర్సు బట్టలూ బూట్లూ సంచీలో వేసి ఇచ్చినప్పుడు, నేను బాత్రూములోకెళ్ళి బూట్లలోంచి ఆ కాగితాలు తీసి చెత్తబుట్టలో వేశాను. ఒకదానికి రక్తం అంటి అట్టకట్టుకుపోయింది. గోటితో గీకి తీశాను. బయటికొచ్చి పోలీసులకి, ఆవిడ సరిగ్గా కొలవలేదని చెప్పాను.

నిన్న ఇక్కడ ఒక కిటికీ గోడలో పట్టలేదు. ఫిట్టరు మీద నోరు పారేసుకున్నాను. "కొలత మీరే ఇచ్చారు కదా మేస్త్రీ" అన్నాడతను. చీటీ తీసి చూస్తే నా చేతి రాతే. అయినా అందరి ముందూ అతన్నే తిట్టి పంపించాను. తర్వాత మెట్ల మీద కూర్చుని ఆ చీటీ మళ్ళీ చూశాను. ఇంక ఇలాగే బతుకుతానన్నమాట అనిపించింది.

నిజం చెబితే నన్ను పట్టుకుంటారు. చిట్టికి కట్టుడు కాలు అమర్చే సమయమిది, పక్కన నేను ఉండాలి. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ మొహం చూడలేని
మీ ఆయన

*

చిట్టి నాన్నగారికి,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయి, మాడు వాసన వచ్చేదాకా తెలియలేదు.

ఎనిమిది నెలలుగా మీ అమ్మగారు నాతో సూటిగా మాట్లాడడం లేదు. "తల్లన్నది పక్కనుంటే ఇంత జరుగునా" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. మీరు పక్క గదిలో పేపరు చదువుకుంటూ విన్నారు. ఒక్కసారి కూడా "ఊరుకో అమ్మా" అనలేదు. నేనూ నమ్మేశాను. నీళ్ళ కోసం వెళ్ళకపోతే నా పిల్ల నడుస్తూ ఉండేదని రోజూ అనుకున్నాను. మీకది తెలుసు. నేను స్నానాల గదిలో ఏడుస్తుంటే తలుపు కొట్టి "ఇంకెంతసేపు" అని అడిగేవారు.

సరే, నా సంగతి పక్కన పెడదాం. చదివాక చిట్టికి తల దువ్వుతూ అడిగాను. "నాన్న బూట్లలో కాగితాలు పెట్టాడా" అన్నాను. అది దువ్వెన నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత, "నేనే పెట్టుకున్నానని చెబితే నాన్నని పట్టుకోరు కదా అమ్మా?" అంది.

కోర్టు కాగితం వచ్చిన రోజు అది మీతో షాపులోనే ఉందట. మీరు ఫోన్లో ఎవరికో చదివి వినిపిస్తుంటే విన్నదట. పిల్లలు చేస్తే జైల్లో పెట్టరని బళ్ళో ఎవరినో అడిగి తెలుసుకుంది. ఏం చెప్పాలో నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంది. నాకు చూపించింది. "నేను పొడుగ్గా కనపడాలని మ్యాపులు పెట్టుకున్నాను. మా నాన్నకి తెలీదు." అంతే. చుట్టూ గీత గీసి దిద్దింది. ఇన్నాళ్ళూ అది నొప్పి వల్ల ముడుచుకుపోయిందనుకున్నాం మనం. డాక్టరు కూడా అదే అన్నాడు.

ఏం చెయ్యమంటావని అడిగారు. నన్నడగకండి. నేనేదో ఒకటి చెబితే, రేపు మా ఆవిడే చెప్పిందని అనుకోవడానికి మీకు వీలుంటుంది. నేను ఒక వారం చూస్తాను. మీరు కోర్టుకి నిజం రాయకపోతే నేను రాస్తాను. కట్టుడు కాలు అమర్చేటప్పుడు నేనుంటాను. దాని చెయ్యి పట్టుకోవడం నాకు చేతనవును.

మీ అమ్మగారికి ఈ రోజు ఉత్తరం చదివి వినిపించాను. భోజనం చెయ్యలేదు. నేనూ బతిమాలలేదు.

ఇట్లు,
చిట్టి వాళ్ళమ్మ

*

చిట్టి తల్లీ,

నేను మళ్ళీ ఈ దేశం వచ్చి నాలుగు రోజులైంది. పార్కుకి వెళ్ళలేదు, కోర్టుకి వెళ్ళాను. చిన్న గది. ఒక అధికారి, మన మాట ఇక్కడి భాషలోకి మార్చి చెప్పే అమ్మాయి, ఒక టేబులు. కాగితాలు ఎవరు మడిచారు, ఎవరు పెట్టారు, ఎవరు పారేశారు అని అడిగారు. మూడింటికీ నేనే అని చెప్పాను. మరి పిల్ల సంగతేంటని అడిగారు. పిల్ల "తప్పు కదా నాన్నా" అంది, నేనే వినలేదని చెప్పాను. అది కూడా రాసుకున్నారు.

బయట వరండాలో ఆ కొలిచిన ఆవిడ కూర్చుని ఉంది. అప్పటికంటే బాగా చిక్కిపోయింది. ఉద్యోగం ఆ రోజే పోయిందట. చేతులు జోడించాను. ఆవిడ మొహం తిప్పుకుంది. క్షమించమని అడగబోతే, మాట మార్చి చెప్పే అమ్మాయి "ఆవిడ వినదలచుకోలేదు" అంది. నేను మెట్లు దిగిపోతుంటే వెనక నుంచి పిలిపించి ఒకటే అడిగింది, పిల్ల నడుస్తోందా అని. వచ్చే వారం నుంచి నేర్చుకుంటుందని చెప్పాను. తల ఊపింది. అంతే.

నా పాస్‌పోర్టు తీసుకున్నారు. ఎన్నాళ్ళుంచుతారో ఇంకా తెలియదు. ఎక్కువే కావచ్చు. నువ్వు మొదటి అడుగు వేసేటప్పుడు నేనుండను. అది నీ వల్ల కాదు, నీ నోట్‌బుక్‌లో మాట కోర్టుకి చూపించకపోవడం వల్ల కూడా కాదు. ఆ పేజీ నువ్వు రాయాల్సింది కాదమ్మా.

అమ్మకి చెప్పొద్దని ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక ముందు నేనే కాదు, ఎవరు అమ్మకి చెప్పొద్దన్నా, ముందు వెళ్ళి అమ్మకే చెప్పు. బళ్ళో కాలికేమైందని అడిగితే, మా నాన్న తప్పు చేశాడని చెప్పు. చెప్పాలనిపించకపోతే మానెయ్యి. అది నీ ఇష్టం.

నాన్న